ఎదురు ఎవరూ రాని రోడ్డు

అమ్మేవాడు ఎర్ర కారు బానెట్ ఎత్తి పట్టుకుని ఇంజను గొప్పలు చెప్పుకుపోతున్నాడు. డ్రైవరు అటు చూడనైనా చూడలేదు. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, సందుల్లోంచి రెండు వేళ్ళు పోనిచ్చి లోపలి బ్రేకు డిస్కును తడుముతున్నాడు. అంచు మీద గోరు పెట్టి గీశాడు. మెట్టు తగిలింది. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"అరిగిపోయింది," అన్నాడు.

"బ్రేకులదేముందండీ, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇంజను చూడండి, పులి!"

"పులే. ఆపేదెవరు మరి?"

పక్కనున్న స్పానర్ పకపకా నవ్వాడు. స్పానర్ డ్రైవరుకి బావమరిది, సొంత షెడ్డున్న మెకానిక్కు. అతని అసలు పేరు పెళ్ళి కార్డులో వేశారు గానీ, అది చదివి ఎవరి పెళ్ళో అనుకుని రానివాళ్ళు చాలామంది ఉన్నారు.

"టైర్లు చూశావా బావా, చాపంత వెడల్పు. నాలుగు ఆదివారాలు ట్రాకు మీద తిప్పితే బోడిగుండు. మళ్ళీ కొత్తవి కొనాలంటే నా షెడ్డు రాసియ్యాలి."

డ్రైవరు కూతురు కొంచెం దూరంలో నీడలో నిలబడి వింటోంది. ఇంట్లో ఆమెని అమ్మడు అంటారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో పని. ఇంటి దగ్గర గుండీలు కుట్టాల్సిన చొక్కాలు గుట్టగా పడున్నాయి. అయినా, ముగ్గురం వెళ్తే మోసం చెయ్యడానికి జంకుతారని నాన్న అంటే వచ్చింది. ఆమెకి కార్ల గురించి ఏమీ తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. ఏడాది తర్వాత నాన్న ఈ వేళ గడ్డం గీసుకున్నాడు.

ఇదంతా బస్సు డిపో గోడకి ఎవరో అంటించిన కాగితంతో మొదలైంది. ఊరి బయట వేసిన రేసు ట్రాకును నెలకో ఆదివారం మామూలు జనానికి వదులుతారట. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఇష్టమొచ్చినంత వేగంగా తిరగొచ్చు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని రోజంతా ఆ కాగితం చూసిన డ్రైవరు, ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా చెప్పాడు.

"ఎదురు ఎవరూ రారట అమ్మడూ. అందరూ ఒకవైపే పోతారట. బస్టాపు లేదు, అడ్డమొచ్చే స్కూటరు లేదు, ఫోను చూసుకుంటూ రోడ్డు దాటేవాడు లేడు. అలాంటి రోడ్డు నా సర్వీసంతా కల్లో కూడా చూళ్ళేదు."

డ్రైవరన్నది ఇప్పుడు పేరుకే. కిందటేడు కళ్ళ పరీక్షలో పనికిరాడని తేల్చి, ఆయన్ని బస్సు దింపి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆయన చేతికింద స్టీరింగు నేర్చుకున్నవాళ్ళే ఇప్పుడు బస్సులు తీసుకుని ముందునుంచి పోతుంటే, ఆయన లేచి అడ్డకర్ర ఎత్తాలి. డ్యూటీ టైముల గురించి మేనేజరుతో గొడవ పెట్టుకున్నందుకే కక్షగట్టి డాక్టరు చేత అలా రాయించారని ఆయన నమ్మకం. అమ్మడిది అంతకంటే గట్టి నమ్మకం. కుట్టుపని మానుకుని డిపోకెళ్ళి, మేనేజరు గదిలో అంతమంది మధ్య నిలబడి, "మా నాన్న కళ్ళు మీ కళ్ళకన్నా బాగున్నాయి!" అని అరిచి వచ్చింది. పని జరగలేదు గానీ ఆ మాట డిపోలో ఇంకా తిరుగుతూనే ఉంది.

కారు నడిపే లైసెన్సుకి ఇంకా గడువుంది. అయినా ఆయన స్కూటరు కూడా బయటికి తియ్యడం మానేశాడు. రోడ్లు పాడైపోయాయి, ఏ సందులోంచి ఎవడు ఊడిపడతాడో తెలీదు అంటాడు. వినేవాళ్ళు తలూపుతారు. రోడ్లు నిజంగానే పాడైపోయాయి కదా మరి.

రెండో బండి ఒక కుర్రాడిది. పొడుగాటి బూడిద రంగు కారు. నేలకి ఆనుకున్నంత కిందికి ఉంది. స్పానర్ వెల్లకిలా పడుకుని కిందికి తల దూర్చి, అక్కణ్ణించే మాట్లాడాడు. "స్ప్రింగులు కోయించాడు బావా. సైలెన్సరు తీసి డప్పు పెట్టించాడు. ఇది కారు కాదు, పెళ్ళికి ముందు ఒకడి సరదా."

"అమ్మేదీ పెళ్ళి కోసమేనండి," అన్నాడు కుర్రాడు దిగులుగా.

డ్రైవరు అతని భుజం తట్టాడు. "మంచి పని చేస్తున్నావు నాయనా. మాకు మాత్రం ఇది వద్దు." దారిలో అమ్మడికి తన లెక్క చెప్పాడు. పాడైతే ఏడవక్కర్లేని బండి కావాలి. సామాను ప్రతి కొట్లోనూ దొరకాలి. బరువు తక్కువుండాలి, ఎందుకంటే బరువున్నది బ్రేకుల్నీ టైర్లనీ తినేస్తుంది. ముందు బ్రేకులు చూడాలి, తర్వాత టైర్లు, తర్వాత కూర్చునే సీటు. ఇంజను ఆఖర్న. "అందరూ తలకిందులుగా చూస్తారు," అన్నాడు. చేతులు గాల్లో తిప్పుతూ, మధ్యమధ్య నవ్వుతూ నడుస్తున్నాడు. ఆయన గొంతులో ఆ హుషారు విని ఎన్నాళ్ళయిందో అమ్మడికి గుర్తు రాలేదు. ఈ కారేదో త్వరగా దొరికితే బాగుండునని మనసులో గట్టిగా అనుకుంది.

మూడోది ఇళ్ళకెళ్ళి రోగుల్ని చూసుకునే నర్సు కారు. చిన్న తెల్లబండి. నాలుగు మూలలా గీతలు, డ్రైవరు సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది, లోపల మందుల వాసన. సన్నటి టైర్లు. డ్రైవరు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం దగ్గర కూర్చుని గోరు పెట్టాడు. ఏ మెట్టూ తగల్లేదు. స్పానర్‌ని నడపమని తాను పక్కసీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లోంచి అమ్మడు చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. స్పానర్ గేరు మార్చినప్పుడల్లా ఆయన ఎడమకాలు తనకు తెలియకుండానే కిందికి నొక్కుతోంది.

"గేరు వెన్నలా పడుతోంది," అన్నాడు కళ్ళు మూసుకునే. "ఈవిడ బండిని కొట్టి నడపలేదు. ఇదే."

బేరం స్పానర్ చూసుకున్నాడు. నర్సు డబ్బు లోపల పెట్టి, తాళంచెవితో తిరిగొచ్చింది. గేటు పక్కన నిలబడి కారు పైకప్పు నిమురుతున్న డ్రైవరుకి పక్కనుంచి చెయ్యి చాచి, "ఇదిగోనండి," అంది.

ఆయన చెయ్యి చాచలేదు. ముందుకే చూస్తూ, "లోపలుందా అండీ తాళం?" అన్నాడు.

తాళంచెవి ఆయన మోచేతికి జానెడు దూరంలో వేలాడుతోంది. నర్సు ఒక్క క్షణం ఆగింది. తర్వాత చేతిని మెల్లగా ఆయన ముందుకి తెచ్చింది. ఆయన మొహం విప్పారింది. తాళంచెవి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఆయన కారెక్కాక నర్సు అమ్మడి దగ్గరకొచ్చింది. "నాన్నగారికి కళ్ళు చూపించారా అమ్మా?"

"చూపించాం," అంది అమ్మడు. "డిపోవాళ్ళు కావాలని ఏదేదో రాశారు. ఆయనకేం, చిన్నక్షరాలు కూడా చదువుతాడు."

"చదవడం ఎదురుగా చూసే పని," అంది నర్సు. ఇంకేదో అనబోయి, కారులోంచి డ్రైవరు హారన్ మోగించి పిల్లాడిలా నవ్వుతుంటే, ఆగిపోయింది.

*

వారం రోజులూ డ్రైవరు డిపో గేటు నుంచి తిన్నగా షెడ్డుకే పోయాడు. వెనక సీటు ఊడదీశారు. చాపలు, డిక్కీ మూత లోపలి అట్ట, వెనకద్దం కింద బొమ్మలు పెట్టుకునే పలక, అన్నీ ఊడదీశారు. బ్రేకు ఆయిలు మార్చారు, బ్రేకు ప్యాడ్లు మార్చారు. పాత సీటు తీసేసి, ఏదో చెడిపోయిన కారులోంచి తెచ్చిన గట్టిసీటు బిగించారు. డబ్బంతా నాలుగు మంచి టైర్లకి పోయింది. ఇంజనుకి ఆయిలు తప్ప ఇంకేమీ చెయ్యనివ్వలేదు ఆయన.

"ముప్ఫయ్యేళ్ళు జనాన్నెక్కించుకుని ఊళ్ళన్నీ తిరిగాడు. ఇప్పుడు ఒక్కడే ఎక్కి, ఎక్కిన చోటే దిగుతాడట," అంది అమ్మ. "దానికి హెల్మెట్టు కూడానా."

"నువ్వూ రావే, టికెట్టు లేకుండా ఎక్కించుకుంటా."

"నాకొద్దు బాబూ. నాకు గిన్నెలు తోముకునే ట్రాకు ఇంట్లోనే ఉంది."

ట్రాకువాళ్ళిచ్చిన కాగితంలో జెండాల బొమ్మలున్నాయి. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం, నెమ్మదించాలి. నీలం ఊపితే వెనక వేగంగా వస్తున్నవాడికి దారివ్వాలి. నలుపు చూపించి నీ నంబరు పలక పట్టుకుంటే, తప్పు చేశావు, లోపలికి వచ్చెయ్యాలి. ఎరుపు ఊపితే అందరూ ఆపెయ్యాలి. డ్రైవరు అదంతా అప్పచెప్పేదాకా వదల్లేదు. అమ్మడు దుకాణం నుంచి లైనింగు ముక్కలు తెచ్చి, అంచులు మడిచి కుట్టి, ఇంట్లో ఉన్న బద్దలకి తొడిగింది. ఆయన మురిసిపోయాడు.

"రా, పరీక్ష పెట్టు."

నడవ చివర స్టూలేసుకుని, పళ్ళెం స్టీరింగులా పట్టుకుని కూర్చున్నాడు. కాగితం బొమ్మలో జెండావాళ్ళు రోడ్డు అంచున నిలబడి ఉన్నారు. అమ్మడు అలాగే, ఆయనకి కొంచెం ముందుగా, గోడనానుకుని నిలబడింది. పసుపు గుడ్డ ఎత్తి ఊపింది.

ఆయన పళ్ళెం పట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు. పెదాలు బిగించి, ఒళ్ళంతా సిద్ధంగా పెట్టుకుని చూస్తున్నాడు.

అమ్మడు ఇంకొంచెం గట్టిగా ఊపింది. గుడ్డ రెపరెపలాడింది.

"ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నాడాయన.

అమ్మడు గుడ్డని ఎత్తి పట్టుకునే, గోడ వెంబడి ఒక అడుగు ముందుకేసింది. ఆయన కదల్లేదు. ఇంకో అడుగేసింది. గోడ వదిలి నడవ మధ్యలోకి, దాదాపు ఆయన ముక్కుకి సూటిగా వచ్చేదాకా నడిచింది.

"పసుపు!" అని అరిచాడాయన. "ముందు ప్రమాదం. నెమ్మదించాలి. ఎవర్నీ దాటకూడదు. కరెక్టా?"

"కరెక్టే నాన్నా."

"అలా దొంగలా ఆలస్యంగా తియ్యకు. చటుక్కున ఎత్తాలి."

తర్వాత ఆమె అక్కణ్ణించి కదల్లేదు. నడవ మధ్యలోనే నిలబడి నీలం ఎత్తింది, నలుపెత్తింది, ఎరుపెత్తింది. ఆయన ఒక్కటీ తప్పలేదు. తప్పనప్పుడల్లా పళ్ళెం మీద దరువేశాడు. ఆమె నవ్వింది, చప్పట్లు కొట్టింది. మర్నాడూ అక్కడే నిలబడింది. ఆ మర్నాడూ అంతే. చెప్పేస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. మళ్ళీ ఆ స్టూలు, ఆ అడ్డకర్ర, మాసిన గడ్డం. ఇన్నాళ్ళకి నవ్విన మనిషిని ఏ నోటితో ఏడిపించడం? ట్రాకు మీద అందరూ ఒకవైపే పోతారు, ఎదురు ఎవరూ రారు అని తనకి తానే చెప్పుకుంది. ఆయన చెప్పిన మాటే ఆయన కోసం అప్పుతీసుకుని వాడుకుంది.

వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ ఇదంతా చూసింది. లోపలికెళ్ళింది. అమ్మడు వెనకే వెళ్ళింది.

"నీకు తెలుసా?"

అమ్మ గిన్నె తోముతూనే ఉంది. "భోజనాల దగ్గర ఆయన నీళ్ళ గ్లాసు ఎక్కడ పెడుతున్నానో నువ్వెప్పుడూ చూళ్ళేదా?"

చూసింది. కంచానికి ఎదురుగా, సరిగ్గా మధ్యలో పెడుతుంది. పక్కన పెట్టుకోక అక్కడెందుకు, చెయ్యి తగిలి పడుతుందని అమ్మడే ఒకసారి విసుక్కుంది కూడా.

"మరి డిపోకి వెళ్ళి నేనంత అరిస్తే ఆపలేదేం?"

"నువ్వు నన్నడిగి వెళ్ళావా? ఎగిరి పోయావు. తిరిగొచ్చాక, నా కూతురు నా కోసం నిలబడిందని ఆయన రెండు రోజులు అదే చెప్పుకున్నాడు. అప్పుడేమని చెప్పను?"

"డాక్టరు అబద్ధం రాయలేదు, అయితే."

"రాయలేదు," అంది అమ్మ. గిన్నె బోర్లించి, కొంగుకి చేతులు తుడుచుకుని, "ఆదివారం మీ మామయ్యని జాగ్రత్తగా ఉండమను," అంది. స్పానర్ మామయ్యకి అమ్మడు ఏమీ చెప్పలేదు. చెప్తే ఒప్పుకోడని తెలుసు.

*

ట్రాకు దగ్గర పొద్దున్నే అందర్నీ ఒక రేకుల షెడ్డులో నిలబెట్టి నారింజ రంగు కోటు వేసుకున్న పెద్దమనిషి నియమాలు చెప్పాడు. జెండా ఎత్తి ఇదేమిటని అడిగితే, అందరికన్నా ముందు డ్రైవరే జవాబు చెప్పాడు. జెండా ఎత్తినాయన ఎదురుగానే నిలబడ్డాడు కదా. "బాగా చదువుకొచ్చారు పెద్దాయన," అని మెచ్చుకున్నాడు నారింజ కోటు. డ్రైవరు వెనక్కి తిరిగి అమ్మడి కోసం వెతికి, కనిపించగానే కనుబొమలెగరేశాడు.

లైసెన్సు చూశారు. ఏం జరిగినా నాదే బాధ్యత అన్న కాగితం మీద సంతకం చేయించుకున్నారు. కళ్ళ గురించి ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని అమ్మడు భయపడింది. అడిగితే బాగుండునని కూడా అనుకుంది.

స్పానర్ టైర్లలో గాలి చూశాడు. బెల్టు బిగించి, హెల్మెట్ పట్టీ సరిచేసి, "బావా, ఎవడితోనూ పోటీ వద్దు. దారిలో ఎవరికీ చిల్లర కూడా ఇవ్వక్కర్లేదు, హాయిగా తిరిగి రా," అన్నాడు.

మొదటి రెండు చుట్లూ ట్రాకువాళ్ళ కారు వెనక వరసగా పోయారు. ఆ కారు పక్కకి తప్పుకోగానే బండ్లన్నీ గొంతు విప్పాయి. తెల్లబండి వేగం పెద్దదేమీ కాదు. మలుపుల్లేని నిలువుబాటలో అందరూ దాన్ని దాటిపోయారు. కానీ మలుపుల్లో డ్రైవరు పనితనం చూడాలి. బ్రేకు ఒక్కసారి, మెత్తగా. స్టీరింగు ఒక్కసారి తిప్పి, మళ్ళీ సర్దడం లేదు. నిండు బస్సులో నిలబడ్డ ముసలివాళ్ళు తూలకుండా ఏళ్ళ తరబడి తిప్పిన చెయ్యి అది. కంచె దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకడు, "ఎవర్రా ఆ తెల్లబండి? నీళ్ళు పోసినట్టు పోతున్నాడు," అన్నాడు. స్పానర్ ఛాతీ విరుచుకుని, "మా బావ," అన్నాడు. నిజంగానే ఇంత బాగా నడుపుతాడని అమ్మడికి ఇవాళే తెలిసింది. ఆయన బస్సు ఎన్నిసార్లు ఎక్కినా తూలకపోవడం వల్ల ఎప్పుడూ గమనించలేదు.

అప్పుడొచ్చింది నల్లకారు. అది అప్పటికే ఒక చుట్టు ఎక్కువ తిరిగి, మలుపు ముందు తెల్లబండి వెనక చేరింది. మలుపు దగ్గర నిలబడ్డ జెండా మనిషి నీలం ఊపాడు. తెల్లబండి దారివ్వలేదు. నల్లకారు పక్కకొచ్చి, సగందాకా సమానంగా వచ్చింది. ఇంక ఇస్తాడులే అనుకుని ఉంటుంది. డ్రైవరు అలవాటు ప్రకారం, మెత్తగా, ఒక్క తిప్పులో, ఆ కారున్న చోటికే స్టీరింగు తిప్పాడు.

తగల్లేదు. నల్లకారు తప్పించుకోబోయి, గడ్డి మీదికెక్కి, కంకరలోకి పోయి రెండుసార్లు గిరగిరా తిరిగి ఆగింది. దుమ్ము లేచింది. అందులోంచి ఒకాయన దిగి హెల్మెట్ తీసి నేలకి కొట్టాడు.

తెల్లబండి అదే వేగంతో, అంతే నాజూగ్గా ముందుకి పోయింది.

పసుపు జెండాలు లేచాయి. మిగతా కార్లన్నీ నెమ్మదించాయి. తెల్లబండి నెమ్మదించలేదు. అందర్నీ ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వచ్చింది. నిలువుబాట పక్క గోడ దగ్గర ఒకతను నల్ల జెండా, దాని కింద తెల్లబండి నంబరు పలక పట్టుకుని నిలబడ్డాడు. బండి అతని ముందునుంచే వెళ్ళింది. మళ్ళీ చుట్టొచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

"ఏంటిది, బావ ఆపడేంటి?" అన్నాడు స్పానర్. అతని మొహంలో నవ్వు పోయింది.

నారింజ కోటు చేతి రేడియోలో ఏదో అరిచాడు. అన్ని మలుపుల్లోనూ ఎర్రజెండాలు లేచాయి. కార్లన్నీ ఒక్కొక్కటే లోపలికొచ్చి వరసగా ఆగాయి. ఇంజన్లు ఆపేశారు. ఒకటే బండి మిగిలింది. ఆ ఖాళీ ట్రాకు చుట్టూ ఒక్క ఇంజను చప్పుడు దూరం పోయి, దగ్గరకొచ్చి, మళ్ళీ దూరం పోతోంది. చేతుల్లో హెల్మెట్లతో మనుషులు కంచె దగ్గర చేరి చూస్తున్నారు. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు.

"ఈ పెద్దాయన తాలూకు ఎవరు?" అని కేకేశాడు నారింజ కోటు. "తాగొచ్చాడా? జెండాలు అప్పచెప్పాడే పొద్దున్న!"

స్పానర్ నోరు తెరిచేలోపు అమ్మడు ముందుకెళ్ళింది.

"తాగలేదండీ. ఆయనకి పక్కన ఏదీ కనిపించదు. ఎదురుగా పెడితేనే కనిపిస్తుంది. ఎదురుగా పెట్టండి."

నారింజ కోటు ఆమెని ఎగాదిగా చూశాడు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నీకు తెలిసీ..." అని ఆపేశాడు. కంకరలో ఉన్న నల్లకారు వైపు చూపించాడు. "దాన్లో ఉన్నదీ మనిషేనమ్మా."

అమ్మడు తల దించుకుంది. స్పానర్ ఆమెనే చూస్తున్నాడు.

ట్రాకువాళ్ళు పైన దీపాలు తిరిగే బండిని తీసుకెళ్ళి, తెల్లబండికి చాలా ముందుగా, బాట మధ్యలో మెల్లగా పోనిచ్చారు. ఎదురుగా కనబడగానే డ్రైవరు వెంటనే నెమ్మదించాడు. ఎంత బుద్ధిగా నెమ్మదించాడో. దాని వెనకే, దూరం సరిగ్గా పాటిస్తూ లోపలికొచ్చి, ఆగిన కార్ల వరసల మధ్య ఖాళీలో ఆపాడు. అమ్మడు బండికి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

ఆయన దిగాడు. హెల్మెట్ తీశాడు. జుట్టంతా చెమటకి అతుక్కుపోయింది. మొహం వెలిగిపోతోంది.

"చూశావా అమ్మడూ! మొదట్లో అందరూ దాటేశారు గానీ, తర్వాత చేతికొచ్చింది. అందర్నీ దాటేశా. ఆఖర్న ఒక్కడు కూడా దరిదాపుల్లో లేడు. రోడ్డంతా నాదే!"

అమ్మడు నవ్వుదామనుకుంది. నడవలో నవ్వినట్టే నవ్వితే ఈ ఒక్క రోజు గడిచిపోతుందనుకుంది. మొహం మాట వినలేదు. ఆయన ఆమె మొహమే చూస్తున్నాడు. ఆయనకి బాగా కనిపించేది అదొక్కటే.

నెమ్మదిగా తల ఎడమవైపు తిప్పాడు. ఆగిన కార్లు, వాటి పక్కన నిలబడ్డ మనుషులు. కుడివైపు తిప్పాడు. అటూ అంతే. ఆ చివర, దుమ్ము కొట్టుకుపోయిన నల్లకారుని తాడు కట్టి లాక్కొస్తున్నారు.

"జెండా ఊపారా?" అని అడిగాడు.

"ఊపారు నాన్నా."

"ఏ జెండా?"

"అన్నీ."

ఆయన హెల్మెట్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఇంట్లో ఒక్కటీ తప్పలేదు కదా నేను," అన్నాడు. ఆ మాట పూర్తవుతుండగానే ఆయనకి అర్థమైంది. నడవలో ఆమె ఎక్కడ నిలబడేదో ఆయన కళ్ళముందు కదిలినట్టుంది. కోప్పడలేదు. కోప్పడితే అమ్మడికి బాగుండేది. నల్లకారాయన దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి, హెల్మెట్ కింద పెట్టి, రెండు చేతులూ పట్టుకుని, "తప్పు నాదండీ," అన్నాడు. అవతలాయన తిట్టడానికి సిద్ధంగా ఉన్నవాడు కాస్తా, తల తిప్పుకున్నాడు.

*

తిరుగుదారిలో స్పానర్ నడిపాడు. వెనక సీటు ఊడదీశారు కాబట్టి అమ్మడు వెనకాల రేకు మీదే చతికిలబడి కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా ఎగిరి పడుతోంది. గేరు మార్చినప్పుడు డ్రైవరు ఎడమకాలు కదులుతుందేమోనని చూసింది. కదల్లేదు.

డిపో దాటుతుండగా ఆయన ఒక్కసారే మాట్లాడాడు. "ఆ డాక్టర్ని ఊరికే తిట్టాను."

స్పానర్ ఏదో సరదా మాట వెతుక్కున్నాడు, దొరకలేదు. "బండి షెడ్డులో పెడతా బావా," అన్నాడు. "ఎవరైనా అడిగితే చూద్దాం."

"టైర్లు విడిగా అమ్ము. మంచి టైర్లు."

ఇంటికొచ్చేసరికి అమ్మ భోజనం బల్ల మీద సర్దింది. ముగ్గురి మొహాలూ చూసి, ఎలా జరిగిందని అడగలేదు. స్పానర్ నిలబడే మంచినీళ్ళు తాగి, షెడ్డుకని వెళ్ళిపోయాడు. డ్రైవరు కాళ్ళు కడుక్కొచ్చి కూర్చున్నాడు. అమ్మడు ఎదురుగా కూర్చుంది. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు కూడా అదే అనుకుంటోంది.

అమ్మ నీళ్ళ గ్లాసు తెచ్చి ఎప్పటిలాగే ఆయన కంచానికి ఎదురుగా, సరిగ్గా మధ్యలో పెట్టింది.

ఆయన ఆ గ్లాసు వైపు కాసేపు చూశాడు. ఏడాదిగా రోజూ చూస్తున్న గ్లాసే. తర్వాత వేళ్ళతో దాన్ని పక్కకి నెట్టాడు. బల్ల అంచుదాకా నెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఎదురుగా గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇంక నాకు ఏదీ ఎదురుగా పెట్టకండి," అన్నాడు. "ఇద్దరికీ చెప్తున్నా."

చెయ్యి బల్ల మీదుగా పాక్కుంటూ వెళ్ళింది. గ్లాసుని దాటిపోయి, గాల్లో ఆగి, మళ్ళీ వెనక్కొచ్చింది. ఈసారి వేలు తగిలి కాసిని నీళ్ళు ఒలికాయి. అమ్మడు లేవబోయింది. అమ్మ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది.